దెబ్బ కొట్టడంతో పని అయిపోదు

2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఐదుగురికి ప్రత్యేక కోర్టు వేసిన ఉరిశిక్షను ఖరారు చేసింది. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 22న, పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో విశాఖపట్నం, కావలి వాళ్లున్నారు, హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి ఒకరున్నారు. మే 7 తెల్లవారుజామున మన సైన్యం ఆపరేషన్ సిందూర్ పేరుతో పాకిస్తాన్‌లోనూ పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ తొమ్మిది స్థావరాలపై దాడి చేసింది. ఆ నెల రోజుల్లో టీవీల్లో, వీధుల్లో, శాసనసభల్లో ఎటు చూసినా క్షిపణుల మాటే. హైకోర్టు తీర్పు మాత్రం రెండు రోజులు వార్తగా నిలిచి మరుగున పడిపోయింది. ఉగ్రవాదానికి మన దేశం ఇవ్వగల రెండు రకాల సమాధానాలు ఒకే నెలలో మన ముందుకొస్తే, మనం ఒకదానికి చప్పట్లు కొట్టి రెండోదాన్ని మర్చిపోయాం. ఆ మరుపు వల్ల మనకు నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. సైనిక చర్య అవసరమైన సందర్భాలు ఉంటాయి. అది శత్రువు చెల్లించే వెలను పెంచుతుంది, మనకు కొంత వ్యవధి సంపాదించి పెడుతుంది. ఆ వ్యవధిని దౌత్యంతో, దర్యాప్తుతో, న్యాయస్థానంతో నింపకపోతే మళ్లీ దాడి, మళ్లీ ప్రతిదాడి, అంతే మిగులుతుంది.

ఈ రెండు పనులకూ పనిముట్లు మన కళ్లెదుటే ఉన్నాయి. బెంగళూరు హైవే మీద శంషాబాద్, పాల్మాకుల చుట్టుపక్కల ప్రాంతాన్ని గమనించండి. విమానాశ్రయానికి ఒక పక్క ఇమారత్ కంచెలో 1988 నుంచి క్షిపణి పరిశోధన జరుగుతోంది. కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ ఆకాశ్ క్షిపణులను తయారు చేస్తోంది. పాకిస్తాన్ పంపిన డ్రోన్లను, క్షిపణులను అడ్డుకోవడంలో ఆ ఆకాశ్ మే నెలలో పనికొచ్చింది. అదానీ–ఎల్బిట్ సంస్థల డ్రోన్ల కర్మాగారం 2018 డిసెంబరులో హైదరాబాద్‌లోనే మొదలైంది. అదే ప్రాంతంలో, 2008 మార్చి నుంచి నడుస్తున్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్లున్నాయి. పాస్‌పోర్టు, వీసా, లుకౌట్ నోటీసు, ప్రయాణికుల సమాచారం అన్నీ అక్కడ కలుస్తాయి. గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లే మన పిల్లలు ఆ దారినే పోతారు. పరారీలో ఉన్న నిందితుణ్ణి వేరే దేశం పట్టి అప్పగిస్తే అతను దిగేదీ ఇలాంటి విమానాశ్రయంలోనే. క్షిపణి తయారీకి ఎంత నైపుణ్యం కావాలో ఒక నిందితుణ్ణి విమానమెక్కించి తీసుకురావడానికీ అంతే నైపుణ్యం కావాలి. మొదటిదాని గురించి మనకు గర్వం ఉంది. రెండోదాన్ని గుమాస్తాల పనిగా చూస్తున్నాం.

సైనిక చర్య సాధించినదాన్ని తక్కువ చేసి చూపడం నిజాయితీ కాదు. 2016 సెప్టెంబరులో ఉరీ దాడి తర్వాత నియంత్రణ రేఖ దాటి సర్జికల్ దాడులు చేశాం. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయాక బాలాకోట్‌పై వైమానిక దాడి చేశాం. 2025లో ఏకంగా పాకిస్తాన్ పంజాబ్‌లోని బహావల్‌పూర్‌లో జైషే మహమ్మద్, మురిద్కేలో లష్కరే తోయిబా కేంద్రాలను కొట్టాం. అణ్వాయుధాలు చూపించి ఉగ్రవాదులకు గొడుగు పట్టవచ్చన్న పాకిస్తాన్ సైన్యం ధీమా దీంతో సడలింది. ఏ శిక్షా పడదన్న భరోసాతో హంతకులను పెంచే వ్యవస్థకు ఆ భరోసా లేకుండా చేయడం న్యాయమైన పనే. భర్తను కళ్ల ముందే పోగొట్టుకున్న ఇల్లాలి కోపానికి ప్రభుత్వం బదులు చెప్పాలి. ఆ కోపం తప్పు అనే హక్కు ఎవరికీ లేదు.

అయితే మే 7న క్షిపణులు బహావల్‌పూర్‌ను తాకుతున్నప్పుడు పహల్గాం హంతకులు ఎక్కడున్నారు? కశ్మీర్ అడవుల్లోనే ఉన్నారు. వాళ్లు ముగ్గురినీ జులై 28న శ్రీనగర్ దగ్గరి దాచీగాం ప్రాంతంలో ఆపరేషన్ మహాదేవ్‌లో మట్టుబెట్టారు. మధ్యలో గడిచిన మూడు నెలలూ నిఘా వర్గాలు, సైన్యం, జమ్మూకశ్మీర్ పోలీసులు కలిసి ఒక్కొక్క జాడ పట్టుకుంటూ వెళ్లారు. హంతకులకు ఆశ్రయమిచ్చినవాళ్లను జూన్‌లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) అరెస్టు చేసింది. సరిహద్దు అవతలి భవనాలను కూల్చిన దాడికి, తుపాకీ పేల్చిన మనుషులను పట్టిన పనికి మధ్య తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిది పంపినవాళ్లకు హెచ్చరిక. రెండోది చంపినవాళ్లకు సమాధానం. పంపినవాళ్లలో అసలు సూత్రధారులను బోనెక్కించడం మూడో పని. అందులో మనం ఇంకా చాలా వెనకబడి ఉన్నాం.

మన హైదరాబాద్ అనుభవాన్నే తీసుకుందాం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర, ఏ–1 మిర్చి సెంటర్ దగ్గర బాంబులు పేలాయి. గర్భస్థ శిశువును కలుపుకొని 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి కూడా బదులు తీర్చుకోవాలన్న మాటలు వినిపించాయి. కానీ ఎవరి మీద? పేల్చినవాళ్లు ఇండియన్ ముజాహిదీన్ సభ్యులు, వాళ్లలో ఎక్కువమంది ఈ దేశంలో పుట్టినవాళ్లు. ఆగస్టులో యాసిన్ భత్కల్, అసదుల్లా అఖ్తర్ నేపాల్ సరిహద్దులో చిక్కారు. 2014 మార్చిలో పాకిస్తాన్ పౌరుడు జియావుర్ రెహ్మాన్ రాజస్థాన్‌లో దొరికాడు. తెహసీన్ అఖ్తర్, ఎజాజ్ షేక్ కూడా కటకటాల వెనక్కి వెళ్లారు. చర్లపల్లి జైల్లో ఏర్పాటు చేసిన ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 150 మందికి పైగా సాక్షులను విచారించి 2016 డిసెంబరు 13న ఐదుగురినీ దోషులుగా తేల్చింది, 19న ఉరిశిక్ష విధించింది. ఒక్క క్షిపణి పేలలేదు, ఒక్క జవాను చనిపోలేదు, సరిహద్దులో ఒక్క ఊరు ఖాళీ కాలేదు. పొరుగు దేశంతో నమ్మకం, రాష్ట్రాల పోలీసుల మధ్య సమాచారం, సాక్షుల ధైర్యం, న్యాయమూర్తి ఓర్పు కలిసి ఆ పని చేశాయి.

అదే కేసు మన ఓటమిని కూడా చూపిస్తుంది. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ ఈనాటికీ పరారీలోనే ఉన్నాడు. అతను పాకిస్తాన్‌లో తలదాచుకున్నాడని మన దర్యాప్తు సంస్థలు ఏళ్లుగా చెబుతున్నాయి. 2007 ఆగస్టు 25న నలభై మందికి పైగా ప్రాణాలు తీసిన గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ల కేసులోనూ పరారీ నిందితుల జాబితాలో అదే పేరుంది. ఆ కేసులో 2018 సెప్టెంబరులో ఇద్దరికి ఉరిశిక్ష పడింది, సూత్రధారి మాత్రం దొరకలేదు. సర్జికల్ దాడులు, బాలాకోట్, సిందూర్ మూడూ జరిగాయి. వాటిలో ఏదీ హైదరాబాద్ బాధితుల కేసును ఒక్క అడుగు ముందుకు కదపలేదు. కదపదు కూడా. స్థావరం మీద పడే బాంబు నిందితుడి చేతికి సంకెళ్లు వేయలేదు. అందుకు అతనికి ఆశ్రయమిస్తున్న రాజ్యం మీద, ఆ రాజ్యానికి అప్పులిస్తున్న ప్రపంచం మీద ఎడతెగని ఒత్తిడి కావాలి.

అలాంటి ఒత్తిడి ఫలించదనుకునేవారు 2012 జూన్‌ను గుర్తు చేసుకోవాలి. 2008 ముంబై దాడి సమయంలో కరాచీ కంట్రోల్ రూం నుంచి ఫోన్లో ఆదేశాలిచ్చినవాళ్లలో ఒకడైన అబూ జుందాల్‌ను సౌదీ అరేబియా మనకు అప్పగించింది. పాకిస్తాన్‌కు అంత సన్నిహితమైన దేశం, ఆ మనిషి చేతిలో పాకిస్తాన్ పాస్‌పోర్టు. అయినా అతను మహారాష్ట్రలోని బీడ్ జిల్లావాడని కుటుంబ సభ్యుల డీఎన్ఏతో సహా రుజువు చేసి మన అధికారులు రియాద్‌ను ఒప్పించారు. దానికి రెండేళ్ల ముందు, 2010లో, రెండు దేశాలూ నేరస్తుల అప్పగింత ఒప్పందం చేసుకున్నాయి. ఆ వేళ సంతకాల ఫొటో మాత్రమే అనిపించిన కాగితం తర్వాత ఆయుధమైంది. అమెరికాతో 1997లో చేసుకున్న ఒప్పందం కూడా అంతే. ఆ దేశపు కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఏళ్ల తరబడి వాదించాక, 2025 ఏప్రిల్ 10న ముంబై దాడి కేసు నిందితుడు తహవ్వుర్ రాణాను ఢిల్లీ విమానాశ్రయంలో దించగలిగాం. దిల్‌సుఖ్‌నగర్ తీర్పుకు రెండు రోజుల తర్వాత, పహల్గాంకు 12 రోజుల ముందు జరిగిందిది. అతని మిత్రుడు డేవిడ్ హెడ్లీని మాత్రం అమెరికా అప్పగించలేదు, అక్కడి ప్రభుత్వంతో కుదుర్చుకున్న బేరం అతన్ని కాపాడింది. దౌత్యంలో పూర్తి గెలుపులు అరుదు. సగం గెలుపును కాపాడుకుంటూ మిగతా సగం కోసం పట్టు వదలకుండా ఉండటమే ఆ పని స్వభావం.

డబ్బు విషయంలో దౌత్యం బలం ఇంకా తేటగా కనిపిస్తుంది. ఉగ్రవాదులకు నిధులు అందకుండా చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2018 జూన్‌లో పాకిస్తాన్‌ను గ్రే జాబితాలో పెట్టింది. విదేశీ అప్పులు, పెట్టుబడులు కష్టమవుతాయన్న భయం మొదలైంది. 2019 జులైలో లష్కరే తోయిబా నేత హఫీజ్ సయీద్‌ను పాకిస్తానే అరెస్టు చేసింది, 2020 ఫిబ్రవరిలో అక్కడి కోర్టే ఉగ్ర నిధుల కేసులో శిక్ష వేసింది. ముంబై దాడి కుట్రదారుల్లో ఒకడైన సాజిద్ మీర్ చనిపోయాడని అంతకుముందు బుకాయించిన దేశం, 2022లో అతనికి పదిహేనేళ్ల జైలుశిక్ష పడిందని బయటపెట్టింది. నాలుగేళ్లపాటు సాగిన ఆ ఆర్థిక ఒత్తిడి చచ్చాడన్న మనిషిని బతికించి జైల్లో పెట్టించింది. 2022 అక్టోబరులో ఆ జాబితా నుంచి పాకిస్తాన్ బయటపడింది. రెండున్నరేళ్లకు పహల్గాం జరిగింది. ఒక్క కారణంతోనే అంతా జరిగిందని చెప్పలేం. కానీ ఒత్తిడి ఉన్నప్పుడు జంకిన వ్యవస్థ అది తీరగానే ఊపిరి పీల్చుకుందని అర్థం చేసుకోవడం కష్టం కాదు.

దౌత్యం విఫలమైన సందర్భాలను కూడా దాచకుండా చెప్పుకోవాలి. పహల్గాం దాడిని ఖండిస్తూ 2025 ఏప్రిల్ 25న భద్రతా మండలి చేసిన ప్రకటనలో బాధ్యత ప్రకటించుకున్న ది రెసిస్టెన్స్ ఫ్రంట్ (టీఆర్ఎఫ్) పేరే లేదు, అప్పటికి మండలి సభ్యదేశంగా ఉన్న పాకిస్తాన్ దాన్ని తీయించింది. మే 9న, ఘర్షణ జరుగుతుండగానే, అంతర్జాతీయ ద్రవ్యనిధి పాకిస్తాన్‌కు దాదాపు వంద కోట్ల డాలర్ల విడత విడుదలకు ఆమోదం తెలిపింది, మన ప్రతినిధి ఓటింగుకు దూరంగా ఉండటం తప్ప చేయగలిగింది లేకపోయింది. మసూద్ అజర్‌ను ఐక్యరాజ్యసమితి ఉగ్రవాదుల జాబితాలో చేర్చడానికి మనం 2009లో మొదలుపెట్టిన ప్రయత్నం చైనా అడ్డుపుల్లలు దాటుకుని 2019 మే 1న ఫలించింది. బలం లేని బేరం ఎంత ప్రమాదకరమో కూడా అదే మసూద్ అజర్ కథ చెబుతుంది. 1999 డిసెంబరులో హైజాక్ అయిన ఐసీ–814 విమానంలోని ప్రయాణికుల కోసం అతన్ని, మరో ఇద్దరిని కాందహార్‌లో వదిలిపెట్టాం. మరుసటి ఏడాదే అతను జైషే మహమ్మద్‌ను స్థాపించాడు. కాబట్టి సైనిక బలం అక్కర్లేదని నేను అనడం లేదు. వెనక బలం ఉన్నప్పుడే దౌత్యం మాట చెల్లుతుంది. ఆ బలాన్ని ఏ ఫలితం కోసం ఖర్చు పెడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

పాకిస్తాన్‌తో మాటలు ఎన్నిసార్లు చూశాం అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అందులో నిజం ఉంది. 1999 ఫిబ్రవరిలో వాజపేయి లాహోర్ బస్సెక్కితే కొన్ని నెలలకే కార్గిల్ వచ్చింది. 2015 డిసెంబరు 25న మోదీ లాహోర్‌లో దిగితే వారం దాటగానే పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడి జరిగింది. పాకిస్తాన్ దర్యాప్తు బృందాన్ని అక్కడికి రానిచ్చినా ఒరిగిందేమీ లేదు. కానీ దౌత్యం అంటే ఇస్లామాబాద్‌తో కరచాలనం ఒక్కటే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఇస్లామాబాద్ మాట వినకపోతే, ఇస్లామాబాద్ ఎవరి మాట వింటుందో వాళ్లతో పని చేయించుకోవాలి. సౌదీ, యూఏఈ, అమెరికా, ద్రవ్యనిధి, ఎఫ్ఏటీఎఫ్ ఆ కోవలోకి వస్తాయి. సిందూర్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు ముప్పైకి పైగా దేశాలకు వెళ్లాయి. వాటిలో మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియాల్లో మాట్లాడారు. పురందేశ్వరి, లావు శ్రీకృష్ణదేవరాయలు, హరీష్ బాలయోగి మిగతా బృందాల్లో ఉన్నారు. పాకిస్తాన్‌లో మరణాలకు సంతాపం తెలిపిన కొలంబియా, శశి థరూర్ బృందం వెళ్లి మాట్లాడాక ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. జులైలో అమెరికా టీఆర్ఎఫ్‌ను ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. దాడి చేసింది సైన్యమే. కానీ ఎందుకు చేశామో ప్రపంచానికి చెప్పి ఒప్పించే పని మళ్లీ దౌత్యం మీదే పడింది.

మరో అభ్యంతరం మరింత గట్టిది. శ్రీలంక ఎల్టీటీఈని 2009లో పూర్తిగా సైన్యంతోనే తుడిచిపెట్టింది కదా, మనమెందుకు మెతకగా ఉండాలి అంటారు. ఎల్టీటీఈకి సొంత భూభాగం ఉండేది, సైన్యం ఉండేది, నౌకలుండేవి. దాన్ని సైన్యం ఓడించగలిగింది, అందుకు వేలాది తమిళ పౌరులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. హైదరాబాద్‌లో సైకిల్‌కు బాంబు కట్టి వెళ్లిపోయినవాడికి అలాంటి భూభాగం ఉండదు. 1968 నుంచి 2006 వరకు ప్రపంచంలో పనిచేసిన 648 ఉగ్రవాద సంస్థలను అమెరికాలోని రాండ్ సంస్థ పరిశీలించి 2008లో నివేదిక ఇచ్చింది. కనుమరుగైన సంస్థల్లో 43 శాతం రాజకీయ మార్గంలోకి వచ్చాయి, 40 శాతం పోలీసు, నిఘా చర్యలతో అంతమయ్యాయి. సైనిక బలంతో అంతమైనవి 7 శాతం. అమెరికా స్వయంగా ఆ పాఠం నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2001లో అఫ్గానిస్తాన్‌లో దిగిన సైన్యం 2021 ఆగస్టులో వెనుదిరిగేసరికి కాబూల్‌లో మళ్లీ తాలిబన్లే ఉన్నారు. ఇరాక్‌పై యుద్ధం మిగిల్చిన శిథిలాల్లోంచి ఐసిస్ పుట్టింది. ఒసామా బిన్ లాడెన్‌ను మాత్రం 2011 మే 2న అబోటాబాద్‌లో చంపగలిగారు. అది ఏళ్ల తరబడి సాగిన నిఘా, ఒక్క రాత్రి పరిమిత దాడి కలిసి సాధించిన ఫలితం. సైనిక శక్తి ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు పనికిరాదో ఆ రెండు అనుభవాలూ పక్కపక్కనే చెబుతున్నాయి.

మన దేశంలో కూడా ఈ లెక్క వేసినవాళ్లున్నారు. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో లక్షల మంది సైనికులను సరిహద్దుకు తరలించాం. పది నెలలు అలా నిలబెట్టి, యుద్ధం జరగకుండానే మందుపాతరల వల్ల, ప్రమాదాల వల్ల వందల మంది జవాన్లను పోగొట్టుకుని వెనక్కి పిలిచాం. సైన్యం మోహరించి ఉండగానే 2002 మేలో కాలూచక్‌లో ఉగ్రవాదులు మళ్లీ దాడి చేశారు. 2008లో ముంబైలో 166 మంది చనిపోయినప్పుడు విదేశాంగ కార్యదర్శిగా ఉన్న శివశంకర్ మీనన్ మొదట ప్రతిదాడి చేయాలనే కోరారు. సైనిక దాడి చేయకుండా ప్రపంచాన్ని పాకిస్తాన్‌కు వ్యతిరేకంగా కూడగట్టడమే సరైన నిర్ణయమని తర్వాతి కాలంలో తేల్చుకుని తన పుస్తకంలో రాశారు. ఆ నిర్ణయం మీద ఈనాటికీ వాదన ఉంది. అప్పుడే కొట్టి ఉంటే పఠాన్‌కోట్, ఉరీ జరిగేవి కావని కొందరంటారు. కానీ ఉరీ తర్వాత కొట్టాం, పుల్వామా జరిగింది. పుల్వామా తర్వాత కొట్టాం, పహల్గాం జరిగింది. దెబ్బ వ్యవధిని పెంచగలదు, వ్యాధిని నయం చేయలేదు.

సిందూర్ తర్వాత ఇకపై ప్రతి ఉగ్రదాడినీ యుద్ధచర్యగానే చూస్తామని ప్రభుత్వ వర్గాలు చెప్పాయి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఏ దాడి జరిగినా యుద్ధమే అంటే యుద్ధం ఎప్పుడు రావాలో నిర్ణయించే తాళంచెవిని ఉగ్రవాది చేతిలో పెట్టినట్టే. రెండు అణ్వాయుధ దేశాల మధ్య అది ఎవరికీ క్షేమం కాదు. అదృష్టవశాత్తు ప్రభుత్వం ఆచరణలో ఆ మాటకు కట్టుబడి పోలేదు. 2025 నవంబరు 10న ఢిల్లీలో ఎర్రకోట దగ్గర కారు పేలి పది మందికి పైగా చనిపోతే, కేంద్ర కేబినెట్ దాన్ని ఉగ్రఘటనగా ప్రకటించింది, కేసును ఎన్ఐఏకు అప్పగించింది. దర్యాప్తు ఫరీదాబాద్ దాకా, వైద్యుల దాకా వెళ్లింది. క్షిపణులు బయటకు రాలేదు. రాకపోవడం బలహీనత అని ఎవరూ అనకూడదు. దాడి తీరును బట్టి సమాధానం ఉండాలి. సూత్రధారి పొరుగు రాజ్యం సైన్యమని రుజువైతే ఒక విధంగా, మన మధ్యే పుట్టిన ముఠా అయితే మరో విధంగా, డబ్బు గల్ఫ్ నుంచి వస్తే ఇంకో విధంగా బదులివ్వాలి. ఆ విచక్షణ ప్రభుత్వం చేతిలోనే ఉండాలి.

దర్యాప్తే ప్రధానమంటే ఆ దర్యాప్తు నిజాయితీగా జరగాలి. ఈ విషయంలో హైదరాబాద్ చేదు అనుభవం తక్కువది కాదు. 2005 అక్టోబరు 12న బేగంపేటలో టాస్క్‌ఫోర్స్ కార్యాలయంపై జరిగిన ఆత్మాహుతి దాడిలో ఒక హోంగార్డు చనిపోయాడు. 2017 ఆగస్టులో కోర్టు ఆ కేసులో పదిమంది నిందితులనూ నిర్దోషులుగా వదిలేసింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. మొదట పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకున్నారు, వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత హిందూ తీవ్రవాద ముఠా మీద అభియోగం మోపారు, 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పద్నాలుగు ప్రాణాల బాధ్యత ఎవరిదో తేలలేదు. ఒక మతం పిల్లలను అనుమానంతో జైల్లో తోస్తే రేపు సమాచారం ఇవ్వాల్సిన మనిషి నోరు మూసుకుంటాడు. సాక్ష్యం సరిగ్గా సేకరించకపోతే అంతర్జాతీయ వేదికల మీద మన మాటకు విలువ తగ్గుతుంది. నిందితుణ్ణి అప్పగించమని వేరే దేశాన్ని అడిగినప్పుడు అక్కడి కోర్టు మొదట అడిగేది మన చార్జిషీటులో పస ఎంత అనే.

దిల్‌సుఖ్‌నగర్ కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు నుంచి హైకోర్టు తీర్పుకు ఎనిమిదేళ్లు పైన పట్టిందే, ఈ లోపు న్యాయం మీద ఎవరికి నమ్మకం ఉంటుంది అన్న ప్రశ్న సమంజసమైనదే. ఆ ఆలస్యానికి కారణం పాకిస్తాన్ కాదు, చైనా కాదు. అది మనింటి లోపం, మనమే సరిదిద్దుకోగలం. కింది కోర్టు 2013 నాటి నేరంపై నాలుగేళ్లు నిండకముందే విచారణ పూర్తి చేసిందంటే వేగం అసాధ్యం కాదని అర్థమవుతోంది. చట్టం నత్తనడక నడిచినంతకాలం ఎన్‌కౌంటర్‌కూ యుద్ధానికీ జనంలో మద్దతు పెరుగుతూనే ఉంటుంది. యుద్ధోన్మాదాన్ని తిట్టేవాళ్లు ముందు కోర్టుల వేగం గురించి పట్టించుకోవాలి.

యుద్ధం మూల్యం గురించి కూడా మనం సూటిగా మాట్లాడుకోవాలి. తెలుగు నేల సరిహద్దుకు దూరం కాబట్టి ఇక్కడ యుద్ధం మాట తేలిగ్గా వస్తుంది. మే 7న సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలీల్లో మాక్‌డ్రిల్ జరిపి సైరన్లు మోగించారు, సాయంత్రానికి అందరూ ఇళ్లకు వెళ్లారు. పూంచ్‌లో మాత్రం నిజమైన గుళ్లు పడ్డాయి, పసిపిల్లలు కూడా చనిపోయారు. నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో నేలకొరిగినవారిలో శ్రీసత్యసాయి జిల్లా తండా నుంచి వెళ్లిన యువ అగ్నివీరుడు ఉన్నాడు. ఉత్తర, పశ్చిమ భారతంలోని 32 విమానాశ్రయాలను మూసేశారు. ఘర్షణ నాలుగు రోజులకే ఆగింది కాబట్టి సరిపోయింది. నాలుగు నెలలు సాగి ఉంటే గల్ఫ్ దారుల్లో వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ కార్మికుల బతుకు ఏమయ్యేదో, క్షిపణి పరిశోధన కేంద్రాలున్న మన నగరమే శత్రువుకు లక్ష్యమయ్యేదేమో ఆలోచించాలి. ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు. నిర్ణయం తీసుకునేటప్పుడు మూల్యం పూర్తిగా లెక్కలోకి రావాలని చెబుతున్నది.

ప్రభుత్వం ముందు పెట్టాల్సిన డిమాండ్లు కొన్ని స్పష్టంగా ఉన్నాయి. ఉగ్రవాద కేసుల్లో విదేశాల్లో తలదాచుకున్న నిందితులు ఎంతమంది, వాళ్లలో ఎంతమందిపై రెడ్‌కార్నర్ నోటీసులున్నాయి, ఏ దేశాన్ని ఎప్పుడు అడిగాం, ఏం జవాబొచ్చింది అన్నది హోం, విదేశాంగ శాఖలు కలిసి ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. రహస్యంగా ఉంచాల్సింది రహస్యంగా ఉంచవచ్చు, లెక్క మాత్రం చెప్పాలి. ఉగ్రవాద కేసుల అప్పీళ్లను హైకోర్టులు ఏడాదిలోపు తేల్చేలా ప్రత్యేక ధర్మాసనాలు కావాలి. మన రాయబార కార్యాలయాల్లో, ముఖ్యంగా గల్ఫ్ దేశాల్లో, నేరస్తుల అప్పగింత మీదే పనిచేసే చట్టం తెలిసిన అధికారులు ఉండాలి. పాకిస్తాన్‌ను మళ్లీ ఎఫ్ఏటీఎఫ్ గ్రే జాబితాలో పెట్టించడానికి సాక్ష్యాలతో కూడిన ఫైలును ఏటా తాజాగా ఉంచాలి. దాడి జరిగాక హడావుడిగా తయారు చేస్తే సరిపోదు. సిందూర్ తర్వాత ప్రపంచం చుట్టి వచ్చిన మన ఎంపీలు ఆ పర్యటనతో తమ బాధ్యత తీరిందనుకోకూడదు. ప్రతి పార్లమెంటు సమావేశంలోనూ రియాజ్ భత్కల్ అప్పగింత ఎక్కడి దాకా వచ్చిందని వాళ్లు అడగాలి, ఆ జవాబును తెలుగు ప్రజలకు చెప్పాలి.

సైన్యాన్ని ఎప్పుడు ఉపయోగించాలో కూడా ముందే తేల్చుకోవాలి. దాడి వెనుక పొరుగు రాజ్యం చేయి ఉందని బలమైన ఆధారం ఉన్నప్పుడు, నిర్దిష్టమైన ఉగ్ర లక్ష్యం మీద, పౌరులకు హాని తగ్గేలా, ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకుని కొట్టాలి. కొట్టిన మర్నాటి నుంచి దౌత్యం ఏం సాధించాలో ఆ దాడికి అనుమతి ఇచ్చే సమావేశంలోనే రాసుకోవాలి. ఎన్ని భవనాలు కూల్చామన్నది విజయానికి కొలమానం కాకూడదు. ఎంతమంది సూత్రధారులను మన కోర్టు ముందు నిలబెట్టాం, ఎన్ని కేసులు తుది తీర్పు దాకా తీసుకెళ్లాం, ఎన్ని దేశాలు మన సాక్ష్యాన్ని నమ్మి తలుపులు తెరిచాయి అన్నవే నిజమైన కొలమానాలు. బాధిత కుటుంబాలకు మనం బాకీ ఉన్నది ఆ లెక్కే. ఒక్క రాత్రి దాడితో ఆ బాకీ తీరదు. ఏళ్ల తరబడి విసుగు లేకుండా, ప్రభుత్వాలు మారినా ఆగకుండా చేసే పనితోనే తీరుతుంది. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ ఆ పని గురించి నిలదీయడం మన బాధ్యత.